పాత కౌబాయ్ నవలల పార్శిలు, ఒక ఒంటికొమ్ము ఎద్దు

ముందు సరుకు సంగతి. ఐదు ఇంగ్లీషు కౌబాయ్ నవలలు, సెకండ్‌హ్యాండువి, కట్ట మొత్తం 780 రూపాయలు, పంపిన ఖర్చు ఇంకో 60. ఆన్‌లైన్లో అమ్మినవాళ్ళ పేరు రాయను, మా మధ్య గొడవ సగమే తీరింది. టంగుటూరికి తొమ్మిదో రోజున చేరింది. కొరియరు కుర్రాడు "ఇటికెలు తెప్పించుకున్నావా ఏంది తాతా" అంటా గడప దగ్గర దించిపోయాడు. విప్పితే గుప్పుమని కలరా ఉండల వాసన. రెండ్రోజులు దండెం కింద నులకమంచం మీద ఆరబెడితే గానీ చేతిలోకి తీసుకోలేకపోయాను. అట్టలు బాగానే ఉన్నాయి. అక్షరాలు మాత్రం ఆవగింజలు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

నేను పశువైద్యశాలలో కాంపౌండరుగా 34 ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. ఊళ్ళల్లో "డాక్టరు గారూ" అని పిలిచేవాళ్ళు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి పలకడం మొదలుపెట్టాను. ఈ కౌబాయ్ పిచ్చి 1971లో పట్టుకుంది. కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' మా టూరింగు టాకీసుకి వచ్చేసరికి నాకు పదేళ్ళు. నేల టిక్కెట్టు. ఆ తర్వాత నెల్లాళ్ళు మా బర్రె నాకు గుర్రమైంది, పాపం దానికి తెలియదు. కాబట్టి ఈ కట్టలో తుపాకులే ఉంటాయనుకున్నాను. ఉన్నాయి గానీ, నన్ను కూర్చోబెట్టినవి గొడ్లు, గొడ్ల అమ్మకం చీటీలు.

జేన్ గ్రే రాసిన 'రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్' (1912) ముందు తీశాను. యూటా కొండలు, నల్లబట్టల లాసిటర్, అంతా బాగానే ఉంది, కానీ ఒక్కో సూర్యాస్తమయానికి ఒక్కో పేజీ. ఆయన మొదట్లో పళ్ళ డాక్టరట. అందుకే కాబోలు, పట్టుకున్నది పీకేదాకా వదలడు. లూయీ లామూర్ 'హోండో' (1953) దీనికి పూర్తిగా ఎదురు. ఎడారిలో ఒంటరి ఇల్లు, ఒక తల్లి, చిన్న పిల్లాడు, కుక్కతో వచ్చిన కొత్త మనిషి. ఒంగోలు వెళ్ళి వచ్చే బస్సులో సగం అయిపోయింది.

'ది వర్జీనియన్' (ఓవెన్ విస్టర్, 1902) దగ్గర ఆగాలి. కథ వయోమింగ్‌లో. పశువుల దొంగతనంలో దొరికాడని హీరో తన సొంత స్నేహితుణ్ణే ఉరితీస్తాడు. హీరోని పెళ్ళాడబోయే టీచరమ్మ అదేం న్యాయమని అడిగితే, జడ్జి హెన్రీ అనే పెద్దమనిషి కూర్చోబెట్టి నచ్చజెబుతాడు: ఇక్కడి కోర్టులు దొంగలకి శిక్ష వేయడంలేదు, కనుక జనమే తమ అధికారం తాము తీసుకుంటున్నారు అని. చదువుతుంటే సబబుగానే అనిపిస్తుంది. తర్వాత గుర్తొస్తుంది, ఆ జడ్జిగారే పెద్ద మందకి ఆసామి, హీరో ఆయన దగ్గర పనిచేసేవాడు. గొడ్లూ ఆయనవే, ధర్మసూక్ష్మమూ ఆయనదే. నిజంగానే 1892లో అక్కడి జాన్సన్ కౌంటీలో పెద్ద మందల ఆసాములు టెక్సాస్ నుంచి తుపాకీ మనుషుల్ని కూలికి తెచ్చి చిన్న రైతుల మీదికి తోలారు. పుస్తకం ఎవరి అరుగు మీద కూర్చుని మాట్లాడుతోందో అది తెలిశాక అర్థమైంది. గొప్పగా రాశాడు, కాదనను. నమ్మను, అంతే.

కట్టలో మాణిక్యం 'ది ఆక్స్-బో ఇన్సిడెంట్'. వాల్టర్ వాన్ టిల్‌బర్గ్ క్లార్క్ 1940లో రాశాడు. ఆక్స్-బో అంటే కాడి కింద ఎద్దు మెడకి వంచి బిగించే కర్ర. ఏరు అలా వంపు తిరిగిన లోయకి ఆ పేరు. నెవాడాలో 1885 నాటి కథ. ఒక ఆసామిని ఎవరో కాల్చేశారు, గొడ్లు పోయాయి అని ఊళ్ళోకి కబురొస్తుంది. అక్కడి పోలీసు పెద్ద, షెరీఫ్, ఊళ్ళో లేడు. డేవీస్ అనే ముసలి కొట్టువాడు ఆగండయ్యా అని మొత్తుకుంటాడు. ఆగరు. రాత్రి మంచులో గుర్రాల మీద వెళ్ళి, మంట వేసుకుని పడుకున్న ముగ్గుర్ని పట్టుకుంటారు. వాళ్ళ దగ్గర గొడ్లు ఉన్నాయి. మార్టిన్ అనే కుర్రాడు కొనుక్కున్నానంటాడు. రశీదు ఏదంటే, అమ్మినాయన తర్వాత పోస్టులో పంపిస్తానన్నాడు అంటాడు. నేను చదవడం ఆపి లేచి నీళ్ళు తాగొచ్చాను. తర్వాత ఏమైందో చెప్పను. ఆ కుర్రాడు తెల్లవారేలోపు భార్యకి ఉత్తరం రాసుకుంటాడు, అంతవరకు చెప్తాను.

నీళ్ళెందుకు తాగానంటే, అలాంటిది నేను చూశాను. 1991 ఎండాకాలం. కొండపి వైపు ఒక ఊళ్ళో ఎద్దుల జత పోయి వారమైంది. ఒక రాత్రి రెండెద్దుల్ని తోలుకుపోతున్న పరాయి మనిషి దొరికాడు. తెల్లారి నాకు కబురొస్తే సైకిలేసుకుని వెళ్ళాను. రచ్చబండ దగ్గర వేపచెట్టుకి కట్టేసున్నారు. కింది పెదవి చీలి, నెత్తురు గడ్డంలో ఎండిపోయింది. "మా గొడ్లన్నిటికీ సూదులేసింది నువ్వే గదా, ఇయ్యి మాయ్యో కాదో నువ్వే చెప్పు" అన్నారు.

ఒక ఎద్దుకి ఎడమకొమ్ము మొదలంటా లేదు. చూడగానే గుర్తుపట్టాను. కిందటి సంవత్సరం కొమ్ము క్యాన్సరొస్తే మా డాక్టరు గారు రంపంతో కోస్తుంటే ముకుతాడు పట్టుకున్నవాణ్ణి నేనే. దాని యజమాని పది కిలోమీటర్ల అవతల ఊళ్ళో రైతు. ఇది మీది కాదయ్యా అన్నాను. గుంపులోంచి ఒకడు "గుర్తుపట్టకుండా వాడే కోసేసుంటాడు కొమ్ము!" అని అరిచాడు. నవ్వొచ్చే మాటే, ఆ పూట ఎవరూ నవ్వలేదు, అవునవునన్నారు. నలుగుర్ని దగ్గరికి పిలిచి, కోసినచోట చర్మం పూర్తిగా మూసుకుపోయి వెంట్రుకలు కూడా మొలిచాయని వాళ్ళ వేళ్ళతోనే తడిమించాను. అప్పుడు గానీ ఆ రైతు దగ్గరికి మోటారు సైకిలు మీద ఒక కుర్రాణ్ణి పంపలేదు.

మధ్యాహ్నానికి ఆ రైతు వచ్చాడు. అమ్మిన మాట నిజమే. ఇంకా మూడొందలు బాకీ, అదిచ్చాక చీటీ రాసిస్తానని చెప్పి ఎద్దుల్ని పంపాడు. తాడు విప్పారు. క్షమించమని ఎవరూ అనలేదు గానీ ఒకామె చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఆ మనిషి తాగి, చెంబు బోర్లించి, ఎద్దుల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఊరి జత ఎవరు తోలుకుపోయారో నాకు తెలిసినంతవరకు తేలనే లేదు. ఇప్పుడైతే చెవికి పసుప్పచ్చ ట్యాగు, దాని మీద 12 అంకెలు. ఆ రోజుల్లో మా జ్ఞాపకమే రిజిస్టరు.

ఈ కథ, ఆ నవల కథ రెండూ మా బావకి చెప్పాను. సంతల్లో తువాలు కింద వేళ్ళు పట్టుకుని బేరాలాడిన మనిషి. అంతా విని "చీటీ లేకుండా గొడ్డుని తోలుకుపోయినోడిది మాత్రం తప్పు గాదా బావా?" అన్నాడు. కాఫీ చల్లారిపోయేదాకా పోట్లాడుకున్నాం. ఆయన మాట మీద ఆయన ఉన్నాడు.

మధ్యలో ఒక మాట. ఈ నవలల్లో మన గిత్తలు కనపడవు. కానీ అమెరికా బ్రాహ్మన్ జాతి పశువుల్లో మన ఒంగోలు రక్తం కూడా ఉంది, బ్రెజిల్లో అయితే మన ఒంగోలు జాతి పేరే నెలోర్. చెబితే మా బావ మీసం సర్దుకున్నాడు.

ఇక గొడవ. ఐదోది 'షేన్' (జాక్ షేఫర్, 1949). 160 ఎకరాలు ప్రభుత్వం దగ్గర రాయించుకుని దున్నుకునే రైతులు ఒక పక్క, గడ్డినేలంతా నా మందదే అనే ఫ్లెచర్ ఇంకో పక్క, మధ్యలో యాణ్ణుంచో వచ్చిన షేన్. కథ చెప్పేది ఆ రైతుల్లో ఒకాయన కొడుకు. సన్నగా, ఎక్కడా పొల్లు లేకుండా రాశాడు. షేన్ రాత్రిపూట తుపాకీ కట్టుకుని ఊరివైపు బయల్దేరాడు, పిల్లాడు వెనకాలే వెళ్తున్నాడు, పేజీ తిప్పితే వెనకట్ట! చివరి కాగితాలు లేవు. జిగురు ఊడి ఎక్కడో రాలిపోయినట్టున్నాయి.

అమ్మినవాళ్ళకి మూడు మెసేజీలు పెడితే "పాత పుస్తకాలు అంతే సార్" అని ఒక జవాబు, నాలుగోదానికి 120 రూపాయలు వెనక్కి. డబ్బులెవరడిగారయ్యా, కాగితాలు కావాలి. వర్ణనలో "పేజీలన్నీ ఉన్నాయి" అని రాశారు, అది వాళ్ళ చీటీయే కదా. నవలలకి ఐదుకి నాలుగు చుక్కలు, అమ్మకానికి రెండు. ఆ రెండూ 'ఆక్స్-బో' చెక్కుచెదరకుండా వచ్చినందుకు.

ముగింపు ఫోన్లో చూసి చెప్తానంది మా మనవరాలు. వద్దన్నాను. ఒంగోలు నుంచి కావలి లోపు ఎవరి దగ్గరన్నా పూర్తి 'షేన్' ఉంటే ఒక్కరోజు ఇప్పించండి, నేనే వచ్చి తీసుకెళ్తాను. బదులుగా జేన్ గ్రేని శాశ్వతంగా ఉంచేసుకోవచ్చు.