తాటిపూడి దగ్గర పాకలో రెండు రాత్రులు

విజయనగరం జిల్లా తాటిపూడి జలాశయానికి దగ్గరలో ఉన్న ఒక పల్లె తరహా రిసార్టులో రెండు రాత్రులు బస చేశాము. తాటాకు పాకలు, పొద్దున్నే చోడి అంబలి, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. వంటకు వంక పెట్టలేము. అయితే స్నానాల గదికి వెళ్లే దారిలో దీపం లేదు, పక్కనున్న నేలబావి గట్టు మోకాలి ఎత్తు కూడా లేదు. మా అమ్మగారు చీకట్లో దాని అంచున కాలు జారి, గిలక స్తంభం చేతికి అందబట్టి ఆగారు. అడిగితే నిర్వాహకుడు “పల్లెటూరంటే ఇలాగే ఉంటుందండీ” అంటూ, ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదన్న బోర్డు చూపించారు. డబ్బు తీసుకుని ఇచ్చే బసలో నిర్లక్ష్యం వల్ల అతిథికి హాని కలిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దానిని సేవాలోపంగానే పరిగణిస్తుంది. తోటలో పాము కనబడితే వారిని తప్పుపట్టను (మాకు కనబడలేదు లెండి), కాని బావికి ఇనుప జాలీ, దారికి రెండు బల్బులు పెట్టడానికి పల్లెదనం ఎలా అడ్డొస్తుంది? పిల్లలతో వెళ్లేవారు అద్దె కంటే ముందు బావి సంగతి అడగండి.