13బీ స్వాప్‌లో ఈఎఫ్‌ఆర్ 9180: చాలాకాలం నడిపాక నా రివ్యూ

మజ్దా ఆర్‌ఎక్స్-8 కారు బాడీలో మజ్దాదే 13బీ-ఆర్‌ఈడబ్ల్యూ రోటరీ ఇంజిన్ (పిస్టన్లకి బదులు మూడు మూలల రోటర్లు తిరిగేది) వేసి, దానికి బోర్గ్‌వార్నర్ కంపెనీ ఈఎఫ్‌ఆర్ 9180 టర్బో తగిలించి నడుపుతున్నా. హైవే, ట్రాక్, వానలో ట్రాఫిక్ జామ్ అన్నీ చూసేసింది ఈ సెటప్. "1.3 లీటర్ ఇంజిన్‌కి ఇంత పెద్ద టర్బో ఏంటి బాసూ" అని అడిగేవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

ముందు ఆ 1.3 లీటర్ సంగతి తేల్చేద్దాం. ఒక్కో రోటర్‌కి 654 సీసీ, మొత్తం 1308, కాగితం మీద అంతే. కానీ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు రోటర్లూ చెరోసారి ఫైర్ అవుతాయి, ఫోర్ స్ట్రోక్ పిస్టన్ ఇంజిన్‌లో అన్ని సిలిండర్లూ ఫైర్ అవ్వాలంటే రెండు చుట్లు కావాలి. సో గాలి లెక్కలో ఇది 2.6 లీటర్ల ఇంజిన్. 8000 ఆర్‌పీఎం దగ్గర ఒక బార్ బూస్ట్ (టర్బో అదనంగా నొక్కే గాలి ప్రెషర్) పెడితే నిమిషానికి సుమారు 22 కేజీల గాలి మింగుతుంది. అంత మింగినా పవర్ మాత్రం ఆ లెక్కకి రాదు, ఎందుకంటే పెట్రోల్ మండే చాంబర్ పొడుగ్గా పల్చగా ఉంటుంది, వేడి చాలావరకు గోడల్లోకీ ఎగ్జాస్ట్‌లోకీ పోతుంది. ఈ టర్బోకి కంపెనీ చెప్పే 1000 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజిన్ లెక్క, రోటరీ వాళ్ళు అందులో పదిహేను ఇరవై శాతం ముందే కోసేసి చూసుకోవాలి.

ఇక 9180 అంటే కంప్రెసర్ వీల్ (ఇంజిన్‌లోకి గాలి నొక్కేది) 91 ఎంఎం, టర్బైన్ వీల్ (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో తిరుగుతూ దాన్ని తిప్పేది) 80 ఎంఎం. అందరూ అడిగేది 91 గురించే. నేను కొన్నది ఆ 80 కోసం.

ఎందుకంటే ఆర్‌ఈడబ్ల్యూలో ఎగ్జాస్ట్ పోర్ట్ రోటర్ హౌసింగ్ గోడలోనే ఉంటుంది, వాల్వ్ గీల్వ్ ఏం లేదు, రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీల్ పోర్ట్ దాటిందంటే ఒక్కసారిగా తెరుచుకుంటుంది, లోపలున్న మంటంతా దబ్బున బయటకి తన్నుకొస్తుంది. టర్బైన్‌కి ఇది పండగే. అందుకే పెద్ద టర్బైన్ కూడా ఈ ఇంజిన్ మీద అనుకున్నదానికంటే తొందరగా లేస్తుంది. చిన్న హాట్ సైడ్ (టర్బైన్ వైపు భాగం) పెడితే ఇంకా తొందరగా లేస్తుంది, నిజమే, కానీ పై రెవ్స్‌లో ఆ గ్యాస్‌కి దారి చాలదు, వెనక్కి నొక్కుతుంది, కాలిన గ్యాస్ కొంత చాంబర్‌లోనే ఉండిపోయి కొత్త గాలితో కలుస్తుంది, టెంపరేచర్ పెరుగుతుంది, నాక్ (ఇంధనం టైముకి కాకుండా తనంతట తానే పేలడం) మొదలవుతుంది. పిస్టన్ ఇంజిన్ కొంచెం నాక్ అయినా సర్దుకుపోతుంది, దీంట్లో గట్టిగా ఒక్కసారి పడితే చాలు అపెక్స్ సీల్ విరుగుతుంది, ఆ ముక్క పోతూ పోతూ టర్బైన్‌ని కూడా తినేసి పోతుంది. ఈఎఫ్‌ఆర్ టర్బైన్ వీల్ గామా టైటానియం అల్యుమినైడ్, తేలికే గానీ పెళుసు, సీల్ ముక్క తగిలితే ఇక దాన్ని మర్చిపోవచ్చు.

ఇదంతా వినికిడి కబురు కాదు. టర్బైన్‌కి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలవడానికి రంధ్రం కొట్టి, సెన్సర్ కాలిపోకుండా స్టీల్ ట్యూబ్‌ని చుట్టలు తిప్పి దూరంగా పెట్టి లాగ్ చేస్తుంటా. మా ఫ్రెండ్ కారులో ఇదే ఇంజిన్, కానీ చిన్న టర్బో ఈఎఫ్‌ఆర్ 8374, 0.92 ఏ/ఆర్ హౌసింగ్ (ఈ నంబర్ పెరిగితే టర్బైన్‌లోకి గ్యాస్ దారి పెద్దదని). నాది 1.05, టీ4 ఫ్లాంజ్, ట్విన్ స్క్రోల్ (టర్బైన్‌లోకి గ్యాస్‌కి రెండు వేరు వేరు దారులు). ఇద్దరిదీ ఒక బార్ దగ్గరే పెట్టి రెండు లాగ్‌లూ పక్కపక్కన చూశాం. ఇద్దరికీ ఫుల్ బూస్ట్ వచ్చాక 5500 దాకా పెద్ద తేడా లేదు. ఆ తర్వాత బూస్ట్ లైన్ ఇద్దరిదీ గీత గీసినట్టు పోతుంటే, వాడి ఎగ్జాస్ట్ ప్రెషర్ లైన్ మాత్రం పైకి ఎక్కుతూ ఎక్కుతూ రెడ్‌లైన్ దగ్గరికొచ్చేసరికి బూస్ట్ మీద దాదాపు సగం ఎక్కువైంది. నాది బూస్ట్‌కి కాస్త పైన ఆగిపోయింది. బూస్ట్ గేజ్ ఒక్కటే చూసేవాళ్ళకి ఈ రెండు ఇంజిన్లూ ఒకేలా కనిపిస్తాయి!

అలాగని వాడిది తప్పు సెటప్ అనను. 3500కే వాడికి ఫుల్ బూస్ట్, నాకు 4000 దాటాలి. కింద రెవ్స్‌లో వాడు నన్ను వదిలేసి పోతాడు, మెలికల రోడ్డు మీద అయితే మరీను. నా కారు ఐదో గేర్‌లో 2500 దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ జరగదు, నిజంగా ఏమీ, కంప్రెషన్ 9:1, పైగా రోటరీకి కింద టార్క్ ఉండదు, రెండు గేర్లు దించాల్సిందే. ఊళ్ళో రోజూ తిరిగే బండి అయితే 9180 వద్దు, కళ్ళు మూసుకుని 8374 తీసుకోండి, బూస్ట్ మాత్రం అత్యాశకి పోకుండా పెట్టుకోండి. నాలుగు వేల పైనే ఎక్కువసేపు ఉండే బండికే ఈ టర్బో అర్థం ఉంటుంది.

ట్విన్ స్క్రోల్ విషయంలో మాత్రం బేరం లేదు. రోటర్లు రెండు, స్క్రోల్స్ రెండు, ఇంతకంటే చక్కగా కుదిరే ఇంజిన్ ఉండదు. వేస్ట్‌గేట్‌లు (బూస్ట్ మితిమీరకుండా గ్యాస్‌ని టర్బైన్ పక్కనుంచి పంపేసే వాల్వ్‌లు) కూడా ఒక్కో స్క్రోల్‌కి ఒకటి చొప్పున రెండు 44 ఎంఎం పెట్టా. గేట్ చిన్నదైనా, గేట్ పైపు గ్యాస్ వెళ్ళే దారికి అడ్డదిడ్డంగా అతికించినా రోటరీలో బూస్ట్ క్రీప్ (పెట్టుకున్న లెక్క దాటి బూస్ట్ తానే పెరిగిపోవడం) గ్యారంటీ, గేట్‌లో 0.7 బార్ స్ప్రింగ్ వేసుకుని గేజ్‌లో 1.2 చూస్తూ యాక్సిలరేటర్ వదిలేయాల్సి వస్తుంది.

మానిఫోల్డ్ ఒకసారి వెల్డ్ దగ్గర పగిలింది. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ అని సన్నగా సౌండ్, వేడెక్కగానే మాయం, ఎందుకంటే మెటల్ వ్యాకోచించి పగులు మూసుకుపోతుంది. టర్బో బరువంతా పైపుల మీదే వేలాడుతోంది, కింద సపోర్ట్ బ్రాకెట్ లేదు, అదీ కారణం. బ్రాకెట్ వేశాక మళ్ళీ రాలేదు. మీకూ అలాంటి సౌండ్ వస్తే గ్యాస్కెట్ అని సరిపెట్టుకోకుండా అద్దం పెట్టి వెల్డ్ అంచులు చూడండి, నల్లటి మసి గీత కనిపిస్తుంది.

ఆయిల్ గురించి ఒక మాట: టర్బో నుంచి ఆయిల్ తిరిగొచ్చే డ్రెయిన్ పైపు లావుగా, ఎక్కడా పైకి లేవకుండా కిందకే వాలి ఉండాలి. లేదంటే పొగ వస్తుంది, జనం టర్బో పోయిందంటారు, టర్బో బానే ఉంటుంది. పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ లీటర్‌కి 7-8 ఎంఎల్ కలుపుతా, ఎగ్జాస్ట్ టెంపరేచర్ 950 డిగ్రీలు దాటకుండా ట్యూన్ చేయించా, అది ఇంజిన్‌కీ మంచిదే ఆ టర్బైన్ వీల్‌కీ మంచిదే.

ఈమధ్య డౌన్‌పైప్ విప్పినప్పుడు వేలుతో షాఫ్ట్ ఊపి చూశా, లూజ్ లేదు, బ్లేడ్ అంచులు ఎక్కడా చిట్లలేదు. కంప్రెసర్ హౌసింగ్‌లో టర్బో ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే స్పీడ్ సెన్సర్‌కి చోటుంది, అది మాత్రం ఇంకా పెట్టలేదు. బూస్ట్ పెంచాలనుకుంటే ముందు అదే పెట్టాలి.