నేల మీద బ్లైండా, మంచె బ్లైండా: ఏది మేలు?

నవంబరు సీజను దగ్గర పడుతుంటే టెక్సస్‌లో కొత్తగా డీర్ లీజు (జింకల వేటకు అద్దెకు ఇచ్చే నేల) తీసుకున్న మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: బ్లైండ్ (జింకలకు కనపడకుండా వేటగాడు కూర్చునే పెట్టెలాంటి గది) నేల మీదే కట్టుకోవాలా, కాళ్లు వేసి ఎత్తుకు లేపాలా? ప్లైవుడ్డు, టూబైఫోర్ కలప, రేకు కప్పు రెండింటికీ ఒకటే కాబట్టి వాటి జోలికి పోను.

మంచె బలమంతా చూపులో ఉంది. మెస్కీట్ పొదలు కమ్ముకున్న దక్షిణ టెక్సస్ చదును నేలలో ఎనిమిది పది అడుగుల ఎత్తు లేకపోతే పొద వెనక జింక వీపు కూడా కనపడదు. పైగా కిందికి వాల్చి కాలుస్తాం కనుక గుండు నేలలో దిగుతుంది. పక్క లీజులో ఎవరు తిరుగుతున్నారో తెలియని చోట అది చాలా పెద్ద విషయం.

అయినా నా లెక్కలో అసలు తేల్చేది గాలి. వైట్‌టెయిల్ జింక కంటి నుంచి తప్పించుకోవచ్చు, ముక్కు నుంచి కష్టం. ఇక్కడ మామూలు రోజుల్లో దక్షిణం, ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది. కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి దండు) దిగితే ఉత్తరపు గాలి మొదలవుతుంది, జింకలు జోరుగా తిరిగేవి ఆ చలి ఉదయాలే. ఫీడరుకు (జింకలకు మేత వేసే డబ్బాకు) ఉత్తరాన మంచె పాతారనుకోండి, దక్షిణపు గాలి ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. గాలి తిరిగిన రోజున మన వాసన తిన్నగా ఫీడరు మీదికే పోతుంది. కాళ్లు సిమెంటులో దిగాక మంచెను జరపలేం. ఎత్తులో ఉంటే వాసన జింక తల మీదుగా పోతుందంటారు, కొంతవరకు నిజమే. కానీ పొద్దు వాలాక చల్లబడ్డ గాలి కిందికి జారుతుంది, దాంతో పాటే వాసనా దిగుతుంది.

అందుకే నా ఓటు నేల బ్లైండుకే, అదీ రెండు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలు. మంచె కాళ్లకు, అడ్డబద్దలకు, మెట్లకు పోయే కలప రెండో పెట్టెకు చాలావరకు కలిసొస్తుంది. ఫీడరుకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి పెట్టి, గాలి చూసుకుని కూర్చోండి. ఒకేసారి రెండింట్లోనూ మనుషులు ఉండకూడదు, ఒకరి గుండు దారిలో ఇంకొకరు ఉంటారు. పెట్టె కింద ట్రీటెడ్ (పుచ్చకుండా మందు పట్టించిన) దుంగలు రెండు వేసి, చివర్లు ఏటవాలుగా కోసి, గొలుసుకు బెజ్జం పెడితే చోటు కుదరనప్పుడు ట్రాక్టరుతో లాగేయొచ్చు.

కిటికీని కొలతల ప్రకారం కోయకండి. రేపు కూర్చోబోయే కుర్చీనే లోపల వేసుకుని, ఖాళీ తుపాకీ భుజానికి ఆనించి, గొట్టం ఆగిన చోట పెన్సిలు గీత గీశాకే రంపం పట్టండి. లోపల నల్ల పెయింటు వేసి, వెనక కిటికీ మూసి ఉంచండి, లేకపోతే వెలుతురులో మన తల కదలిక తెలిసిపోతుంది. పెట్టె అడుగున పాత కార్పెట్ ముక్క పరిస్తే బూటు చప్పుడు రాదు.

పాలెట్లు (సరుకు పేర్చే చెక్క చట్రాలు) నిలబెట్టి కొమ్మలు కప్పే బ్లైండ్లు ఒక సీజనుకు సరిపోతాయి. మడత విప్పితే నిలబడే పాప్‌అప్ గుడారం విల్లుతో వేటాడేవాళ్లకు పనికొస్తుంది, గాలివానకు నిలవదు.

ఏది కట్టినా వేసవిలోనే ముగించండి. పెయింటు వాసన పోవాలి, జింకలకు ఆ ఆకారం అలవాటు కావాలి. సీజను ముందు మొదటిసారి తలుపు తీసేటప్పుడు టార్చి వేసి కప్పు మూలలు చూడండి, కందిరీగలు ఈపాటికి గూడు కట్టే ఉంటాయి.