నామ్‌పెన్ నవ్వు మేలా, గోదావరి మర్యాద మేలా?

కాంబోడియా వెళ్ళి అంగ్‌కోర్‌వాట్ చూసొచ్చినవాళ్ళు గుడి గురించి పది మాటలు చెబితే మనుషుల గురించి ఇరవై చెబుతారు. "ఎంత మంచివాళ్ళండీ బాబూ, ఎప్పుడు చూసినా నవ్వుమొహమే! మనవాళ్ళూ ఉన్నారు ఎందుకూ..." అని. ఆ రెండో ముక్క తప్పకుండా ఉంటుంది. ఆ గుడి పక్కనున్న ఊరు సియమ్ రీప్‌లో నాలుగు రోజులు తిరిగినవాళ్ళ తీర్పు అది. ఆ ఊరు బతికేదే పర్యాటకుల మీద. అక్కడి హోటల్ గుమ్మంలో కనబడ్డ నవ్వును తెచ్చి మన బస్టాండు కౌంటర్లో కూర్చున్నాయన మొహం పక్కన పెడితే మనవాళ్ళు ఓడిపోక ఏం చేస్తారు? పోల్చదలిస్తే వాళ్ళ రాజధాని నామ్‌పెన్‌ని హైదరాబాదుతో పోల్చాలి, కాంపాంగ్ చామ్ వైపు పల్లెని కోనసీమ పల్లెతో పోల్చాలి. నేను పుట్టింది గోదావరి జిల్లాలో. కొన్నేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, ఇప్పుడు నామ్‌పెన్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఉన్నాను. ఆ మాత్రం ధైర్యంతోనే ఈ తగువు తీర్చడానికి కూర్చున్నాను.

ముందు కొత్త మనిషి సంగతి చూద్దాం.

ఖ్మేర్ వాళ్ళూ, అంటే కాంబోడియా జనమూ, మనలాగే చేతులు జోడిస్తారు. దాన్ని సంపెయా అంటారు. మనం ఎవరికైనా ఒకే దండం పెట్టేస్తాం, వాళ్ళకి ఎత్తుల లెక్క ఉంది. ఈడువాళ్ళకి గుండె దగ్గర, పెద్దవాళ్ళకీ పై అధికారికీ నోటి దగ్గర, అమ్మానాన్నలకీ గురువుకీ ముక్కు దగ్గర, భిక్షువులకీ రాజుకీ కనుబొమల దగ్గర, దేవుడికి నుదుటి దగ్గర. పిలుపులైతే మరీ మన ఇంటి పిలుపులే. కాస్త పెద్దవాళ్ళయితే ఆడైనా మగైనా బాంగ్, చిన్నవాళ్ళయితే ఓన్, బాబాయి వయసాయన పూ, పిన్ని వయసావిడ మింగ్, ముసలాయన తా, ముసలమ్మ యెయ్. కూరలమ్మే ఆవిణ్ణి మింగ్ అని పిలిస్తే ఒక కట్ట కొత్తిమీర ఊరికే పడుతుంది సంచిలో. మనకిదేం వింత కాదు, ఆటో అతన్ని అన్నా అంటాం, పాలావిణ్ణి అక్కా అంటాం.

తేడా ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది. ఎవరు బాంగో ఎవరు ఓనో తేలాలి కాబట్టి ఖ్మేర్ వాళ్ళు రెండో మాటకే వయసు అడిగేస్తారు, ఆడవాళ్ళనైనా సరే. పెళ్ళయిందా, పిల్లలెంతమంది, జీతమెంత అన్నవీ వెనకే వస్తాయి. ఫ్యాక్టరీకొచ్చే యూరప్ వాళ్ళు వీటికి ఉలిక్కిపడతారు. మనకేం అనిపించదు, మనం అడిగేవీ అవేగా! కానీ మనం అక్కడ ఆగం. "ఏ ఊరండీ?" "ఆ ఊళ్ళో ఎవరి తాలూకు?" "ఇంటిపేరు ఏవంటారు?" ఆ మూడోదానికి జవాబు వచ్చేదాకా, నవ్వాలో వద్దో అడిగినాయనకే తేలదు. వయసు అడిగినవాడికి కావలసింది మనల్ని ఏమని పిలవాలో. ఇంటిపేరు అడిగినవాడికి కావలసింది మనల్ని ఏ గదిదాకా రానివ్వాలో.

హైదరాబాదులో అద్దె ఇల్లు వెతికినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. "వెజ్జా, నాన్‌వెజ్జా?" అన్నది ఆ ప్రశ్నకే మర్యాద ముసుగు. ముసుగు కూడా లేకుండా "మీరేవిట్లు?" అని ఫోన్లోనే అడిగినవాళ్ళు ఉన్నారు. నామ్‌పెన్‌లో మా ఇంటావిడ అడిగింది ఎన్నాళ్ళుంటారు, డిపాజిట్ డాలర్లలో ఇస్తారా, మోటారుసైకిల్ ఎక్కడ పెట్టుకుంటారు అని. వయసు కూడా అడిగిందనుకోండి. డాలర్లిచ్చే విదేశీవాడికి ఎవరైనా తలుపు తీస్తారు కదా అనొచ్చు, అది కొంత నిజం కూడాను. కానీ నా కింద పనిచేసే పిల్లలు, పల్లెల నుంచి వచ్చి గదుల్లో కలిసి ఉండేవాళ్ళు, వాళ్ళనీ ఇల్లిచ్చేవాళ్ళు వంశం అడగడం లేదు. కొత్తవాడికి తలుపు తీయడంలో ఖ్మేర్ వాళ్ళదే పైచేయి, ఇందులో నాకు సందేహం లేదు.

రోడ్డు మీదా వాళ్ళే గెలుస్తారు. ట్రాఫిక్ క్రమశిక్షణలో నామ్‌పెన్ హైదరాబాదుకి ఏమీ తీసిపోదు. రాంగ్ రూట్, ఫుట్‌పాత్ మీద బళ్ళు, ఒక్క స్కూటర్ మీద సంసారం మొత్తం, అన్నీ ఉన్నాయి. ఇండియాలో తయారైన ఆటోలే ఇక్కడా తిరుగుతాయి, యాప్‌లో పిలిస్తే వస్తాయి. గొంతులే వేరు. బండీ బండీ రాసుకుంటే ఇద్దరూ దిగి, గీత ఎంత పడిందో చూసుకుని, ఇబ్బందిగా ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోవడం ఇక్కడ మామూలు. అమీర్‌పేటలో అయితే ఈపాటికి జనం గుమిగూడి తీర్పు కూడా చెప్పేసి ఉండేవారు. ఇక్కడ గొంతు పెంచిన మనిషికి పరువు పోతుంది. మన దగ్గర గొంతు పెంచనివాడిదే తప్పని అందరికీ తెలిసిపోతుంది!

అయితే ఆ నవ్వుతో రోజూ పని చేయించాల్సి వచ్చినప్పుడు కథ మారుతుంది. ఖ్మేర్ వాళ్ళు సంతోషానికీ నవ్వుతారు, సిగ్గుకీ నవ్వుతారు, తెలియకా నవ్వుతారు, లోపల మండుతున్నా నవ్వుతారు. "ఈ ఆర్డరు రేపటికి అయిపోతుందా?" అంటే మగవాళ్ళు బాద్ అంటారు, ఆడవాళ్ళు చా అంటారు. అవునన్నట్టే ఉంటుంది, కానీ చాలాసార్లు "మీరు చెప్పింది విన్నాను" అని మాత్రమే. మర్నాడు సగం పని మిగిలి ఉంటుంది. ఎందుకు చెప్పలేదని నలుగురిలో నిలదీస్తే మళ్ళీ నవ్వు, వారం తిరిగేసరికి ఆ కుర్చీ ఖాళీ. పిలిచి పక్కకు తీసుకెళ్ళి, మెల్లగా, కొంచెం వాళ్ళ ఊరి సంగతీ పిల్లల సంగతీ అడిగాక అసలు విషయం ఎత్తాలి. మన లైన్ సూపర్‌వైజర్ అయితే నిలబెట్టి మాట్లాడతాడు. "అవదు సార్, మిషన్లు బాగు చేయించరు, మమ్మల్నంటారు" అని అందరి ముందూ అరిచి, మధ్యాహ్నం డబ్బా విప్పి "సార్, గోంగూర తెచ్చాను, రండి" అంటాడు. అరిచినట్టు అతనికీ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. స్నేహం అంటే ఎదుటివాడి మనసులో ఏముందో తెలియడం అనుకుంటే ఇక్కడ మార్కులు మనకే వెయ్యాలి.

తిండి దగ్గర ఇద్దరూ ఒకలాంటివాళ్ళే. కనబడగానే అన్నం తిన్నావా అని వాళ్ళూ అడుగుతారు. పల్లెల్లో ఇళ్ళు గుంజల మీద ఎత్తుగా కడతారు, కింద నీడలో ఓ చెక్క మంచం, ఓ ఊయల. దారిన పోయేవాడు ఎవడైనా అక్కడ కూర్చోవచ్చు. నీళ్ళిస్తారు, అరటిపళ్ళు పెడతారు, వేళ అయితే అన్నమూ పెడతారు. పులియబెట్టిన చేపల ముద్ద ఒకటుంటుంది, ప్రహోక్ అని. ఎండుచేపల పులుసు తిని పెరిగినవాడికి ఆ వాసన ఇబ్బంది కాదు, శాకాహారికి మాత్రం పరీక్షే. వద్దంటే ఎవరూ నొచ్చుకోరు. గిన్నె పక్కకు జరిపి మామిడికాయ కోసిస్తారు. మా వైపు వద్దన్నమాట చెల్లుతుందా? "అబ్బే, మీరేం తిన్నారండీ, మొహమాటపడుతున్నారు" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారు. షుగర్ ఉందన్నవాడికి కూడా పూతరేకు చేతిలో పెట్టి "ఒక్కటే కదండీ, ఏవవదు" అంటారు. తినేవాడి ఇష్టానికి విలువిచ్చేది ఖ్మేర్ వాళ్ళే. కానీ వడ్డించే చేతిలో ఉన్న ఆ మొండితనం లేని ఇల్లు నాకు కొంచెం చప్పగా ఉంటుంది, ఏం చెయ్యను!

ఇంకో మాట. ఆ ఇంటి కింద నీడలో కూర్చోవడం వేరు, మెట్లెక్కి పైకి వెళ్ళడం వేరు. నామ్‌పెన్‌లో సహోద్యోగులు జీతాల రోజున హోటల్‌కి తీసుకెళ్ళి, ఐసు ముక్కలేసిన బీరు పోసి, బిల్లు కట్టనివ్వరు. ఎంతో చనువుగా ఉంటారు. వాళ్ళ ఇల్లు ఏ వీధిలో ఉందో మాత్రం నాకు తెలియదు. మన దగ్గర పరిచయమైన రెండో నెలకే "ఆదివారం మా ఇంటికి రండి, మా ఆవిడ మిమ్మల్ని చూడాలంటోంది" అని వచ్చేస్తుంది.

పెళ్ళిళ్ళ దగ్గర మాత్రం తేడా పట్టుకోవడమే కష్టం. వీధికడ్డంగా షామియానా, తెల్లారకముందే మైకు. శుభలేఖ కవరు మీద మన పేరు రాసిస్తారు, అందులోనే డబ్బు పెట్టి గుమ్మం దగ్గర పెట్టెలో వెయ్యాలి. చోంగ్ డాయ్ అంటారు. ఎవరెంత పెట్టారో పుస్తకంలో ఎక్కుతుంది, వాళ్ళింట్లో పెళ్ళికి అంతకు తగ్గకుండా తిరిగి వెళుతుంది. మన చదివింపులే, మైకులో "ఫలానావారు నూటపదహార్లు" అని చదవడం ఒక్కటే తక్కువ. ఒక్క విషయంలో వాళ్ళు నయం. పదిమంది కూర్చునే బల్ల నిండేదాకా వడ్డన మొదలుపెట్టరు కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిసి తినక తప్పదు. ఆ తెలియనివాళ్ళే ముందు మన గిన్నెలో వేసి తర్వాత తాము వేసుకుంటారు. మన బఫేల్లో ప్లేటు పట్టుకుని మనవాళ్ళ కోసం వెతుక్కుంటాం.

జబ్బు చేసినప్పుడు ఎవరు మేలు? మా ఆవిడ పుట్టింటికెళ్ళిన రోజుల్లో నాకు డెంగ్యూ వచ్చింది. పక్కింటి అమ్మాయి తలుపు దగ్గర కమలాపళ్ళ సంచి పెట్టి, నవ్వి, వెళ్ళిపోయింది. రోజూ పెట్టింది. లోపలికి రాలేదు, ఎలా ఉందని అడగలేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండే యెయ్ ఒక్కావిడ మాత్రం బామ్ సీసా, నాణెం పట్టుకుని వచ్చింది. ఒంటికి బామ్ రాసి వీపు మీద నాణెంతో ఎర్రగా చారలు పడేదాకా గీస్తారు, ఒంట్లో చేరిన గాలి పోతుందని వాళ్ళ నమ్మకం. డెంగ్యూలో అది వద్దని నచ్చజెప్పడానికి నా తాతలు దిగొచ్చారు. హైదరాబాదులో మా పై వాటా ఆంటీ అయితే తాళంచెవి లాక్కుని, రసం అన్నం పంపి, మా అమ్మకి ఫోన్ చేసి ఏడిపించి, చివరికి నాకే నాలుగు చీవాట్లు పెట్టేది. ఒంట్లో బాగున్నప్పుడు ఆవిడంటే విసుగే. జ్వరంలో మాత్రం ఆవిడే కావాలి.

ఖ్మేర్ వాళ్ళు గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోతారు? నాకు తట్టే కారణం ఒకటుంది. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే పోల్ పాట్ కమ్యూనిస్టు దళం నామ్‌పెన్‌లోకి వచ్చి ఊరు ఊరంతటినీ పల్లెలకు తోలేసింది. 1979 జనవరి దాకా సాగిన ఆ పాలనలో 15 నుంచి 20 లక్షల మంది పోయారని అంచనా, అంటే దేశంలో దాదాపు నాలుగోవంతు. ఇళ్ళల్లో వంటలు మాన్పించి అందరికీ ఒకే చోట గంజి పోశారు. పిల్లల చేత పెద్దవాళ్ళ మీద నిఘా పెట్టించారు. పక్కవాడితో అన్న మాట ప్రాణం తీసిన రోజులవి. ఆ రోజులు దాటొచ్చినవాళ్ళ చేతుల మీద పెరిగిన పిల్లలే ఇప్పుడు నాతో పనిచేస్తున్నారు. పక్కింటి సంగతి అడక్కపోవడం అక్కడ మర్యాద అయ్యుండొచ్చు. అదొక్కటే కారణమని మాత్రం అనను. కాంబోడియా చుట్టుపక్కల దేశాల్లోనూ మాట మెత్తనే.

ఇక, వాళ్ళ నవ్వు అందరికీ కాదు. నాతో తియ్యగా మాట్లాడే మనిషే వియత్నాం వాళ్ళ మాటెత్తితే మొహం గంటు పెట్టుకోవడం చూశాను. టోన్లే సాప్ సరస్సు మీద తేలే ఊళ్ళలో తరతరాలుగా ఉంటున్న వియత్నాం మూలాలవాళ్ళలో చాలామందికి పౌరసత్వ కాగితాలే లేవు. మనవాళ్ళ మీద వాళ్ళకా కోపం లేదు. 1980లో, అమెరికా, చైనా లాంటి పెద్ద దేశాలు మొహం చాటేసిన కాలంలో, ఖ్మేర్ రూజ్ పోయాక వచ్చిన కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్ది దేశాల్లో ఇండియా ఒకటి. 1986 నుంచి 1993 దాకా అంగ్‌కోర్‌వాట్ మరమ్మతు చేసింది మన పురావస్తు శాఖే. ముసలివాళ్ళకి ఇవి గుర్తున్నాయి. అంటే నాకు దొరికే ఆదరణలో కొంత నేను సంపాదించింది కాదు, కోనసీమలో నా ఇంటిపేరు సంపాదించిపెట్టే మర్యాద లాంటిదే. అదే ఊళ్ళో వేరే పేటలో పుట్టినవాడికి ఆ నెయ్యి, ఆ పూతరేకు, ఆ కొసరి వడ్డింపు ఏ అరుగు దగ్గర ఆగిపోతాయో మనందరికీ తెలుసు. గోదావరి మర్యాద గురించి మురిసిపోయేవాళ్ళు ఆ మాట ఎత్తరు.

తెలుగు పేపర్లలో కాంబోడియా పేరు ఇప్పుడు వేరే రకంగా వినబడుతోంది. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని పంపిస్తే సైబర్ మోసాల ముఠాల చేతిలో పడ్డారు. "ఆ దేశం మంచిది కాదంట కదా" అని మా బంధువులు అడుగుతుంటారు. ఆ కుర్రాళ్ళని నమ్మించి విమానం ఎక్కించిన ఏజెంట్లు తెలుగువాళ్ళు. తమ్ముడూ అని పిలిచే ఎక్కించి ఉంటారు.

మా ఇంట్లో అయితే తీర్పు చీలిపోయింది. మా ఆవిడ ఓటు నామ్‌పెన్‌కి. రాత్రి తొమ్మిదింటికి ఒక్కతే వీధి చివరికెళ్ళి బల్ల మీద కూర్చుని నూడుల్స్ తినొస్తుంది, ఎవరూ గుచ్చిగుచ్చి చూడరు, ఎక్కడికెళ్ళావని అడగరు. బజార్లలో కొట్లన్నీ ఆడవాళ్ళవే. ఆ సుఖం రాజమండ్రిలో తనకెప్పుడూ దొరకలేదంటుంది, కాదనలేను. మా అమ్మ వచ్చి నెల తిరక్కుండానే వెళ్ళిపోతానంది. వీధిలో అందరూ దండం పెడతారు గానీ పోట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేదని ఆవిడ బాధ. నేను అమ్మ పక్షం. వయసు మళ్ళాక నాకు కావలసింది నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు కాదు, తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు. పాప పదో తరగతి అయ్యేదాకా మాత్రం ఇక్కడే ఉండేట్టు రాజీ కుదిరింది.