కాఫీ చాక్లెట్ స్టిరర్ కిట్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు సీసా వెనక ఏముందో చూడండి

చెంచాకు గుచ్చిన చాక్లెట్ ముక్కను వేడి కాఫీలో తిప్పి కరిగించుకుంటారే, ఆ చాక్లెట్ స్టిరర్లు ఇంట్లోనే చేసుకోండంటూ ఆన్‌లైన్‌లో కిట్లు అమ్ముతున్నారు. 400 గ్రాముల చాక్లెట్ పలక, మూడు ఫ్లేవర్ సీసాలు, ఒక సిలికాన్ అచ్చు, ఇరవై చెంచాలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఇలాంటి ఒక కిట్‌లో వచ్చిన సీసాలకూ పలకకూ అసలు పొత్తే కుదరలేదు. ఆ సీసాలోది ఆ చాక్లెట్‌లో వేస్తే పాడవడం ఖాయం. అమ్మినవాళ్లను అడిగితే మీరే ఎక్కువ వేడి చేశారంటారు. తప్పు మంటది కాదు, సీసాది.

ఫ్లేవర్ సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. నీరు అనిగానీ, ప్రొపిలీన్ గ్లైకాల్ అనిగానీ, దాని కోడ్ ఐఎన్ఎస్ 1520 అనిగానీ ఉంటే అది కేకు పిండికి పనికొచ్చే ఎసెన్స్, చాక్లెట్‌కు పనికిరాదు. చాక్లెట్‌లో చక్కెర రేణువులు పొడిగా, కొవ్వు పూసుకుని ఉంటాయి. నాలుగు చుక్కల నీరు తగిలితే చాలు, చక్కెర తడిసి ఒకదానికొకటి అతుక్కుంటుంది. అప్పటిదాకా గరిటె నుంచి రిబ్బనులా జారిన చాక్లెట్ ఒక్కసారిగా మెరుపు పోయి, గిన్నె అంచు వదిలేసి, నెయ్యి చాలని సున్నుండల పిండిలా గరుగ్గా ముద్దవుతుంది. ఆ తర్వాత ఎంత వేడి చేసినా లాభం లేదు. పారేయకండి. 200 గ్రాములకు 100 మిల్లీలీటర్ల వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే సాస్ అవుతుంది. పాలలో వేసుకుని తాగొచ్చు, అచ్చులో మాత్రం గట్టిపడదు.

లేబుల్ లేని సీసాను పరీక్షించడం తేలిక. చెంచాడు వంటనూనెలో ఒక చుక్క వేసి కలపండి. నూనెలో కలిసి కనబడకుండా పోతే నూనెలో కరిగే ఫ్లేవరే. పూసలా గుండ్రంగా అడుగున కూర్చుంటే పక్కన పెట్టేయండి. రంగులకూ ఇదే పరీక్ష. జెల్ రంగులు వద్దు. పెప్పర్‌మింట్ నూనె కొంటే సీసా మీద ఆహార వినియోగానికి అని రాసి ఉండాలి. ఒంటికి రాసుకోవడానికీ గదిలో వాసనకూ అమ్మే నూనెలు కాఫీలో వేయకూడదు.

నిజానికి సీసాలే అక్కర్లేదు. 200 గ్రాముల చాక్లెట్‌కు జల్లించిన ఏలకుల పొడి అర టీస్పూన్, లేదా శొంఠి పొడి పావు టీస్పూన్, లేదా దాల్చినచెక్క పొడి పావు టీస్పూన్ సరిపోతుంది. ఇన్‌స్టంట్ కాఫీ ఒక టీస్పూన్ వేయొచ్చు గానీ మెత్తగా పొడి చేయాలి, పలుకులు కొవ్వులో కరగవు. తేనె, రోజ్ సిరప్, బెల్లం పాకం, పచ్చి నారింజ తొక్క వద్దు, అన్నిట్లోనూ తడి ఉంటుంది.

ఇక పలక సంగతి. కిట్ పేరులో చాక్లెట్ అని పెద్దగా రాసి, వెనక చిన్నగా కాంపౌండ్ అని రాస్తున్నారు. పదార్థాల జాబితా బరువు ఎక్కువున్న దానితో మొదలవుతుంది. చక్కెర పక్కనే హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ (వనస్పతి లాంటి కొవ్వు) ఉండి, కోకో బటర్ (కోకో గింజల కొవ్వు) ఊసే లేకపోతే అది కాంపౌండ్. అది తినకూడనిదేమీ కాదు. టెంపరింగ్, అంటే మెరుపుతో గట్టిపడేలా కొలిచి వేడి చేసి చల్లార్చే పని, అక్కర్లేదు, ఎండాకాలంలో మన ఊళ్లలో నిలుస్తుంది కూడా. కానీ కాఫీ చల్లారేకొద్దీ ఆ కొవ్వు పైన మీగడలా కట్టి, అంగిలికి మైనంలా అంటుకుంటుంది. చాక్లెట్ ధర కట్టి కాంపౌండ్ తెచ్చుకోవడమే నష్టం.

అసలు చాక్లెట్ అయితే టెంపరింగ్ పద్ధతి ఇదీ. 200 గ్రాముల డార్క్‌లో 135 గ్రాములు తరిగి, సన్నగా కాగే నీళ్లకు తగలకుండా పెట్టిన గిన్నెలో 45 డిగ్రీల దాకా కరిగించండి. దించగానే గిన్నె అడుగు తుడవండి, ఆ తడే చాలాసార్లు కొంప ముంచుతుంది. మిగిలిన 65 గ్రాములు వేసి కలుపుతూ 28కి దించి, మళ్లీ క్షణం ఆవిరి మీద పెట్టి 31-32కి తేవాలి. మిల్క్ చాక్లెట్ అయితే 29-30. 34 దాటితే మళ్లీ మొదటి నుంచి. ధర్మామీటర్ లేకుండా ఈ పనికి దిగొద్దు. చాకు మొన ముంచి ఏసీ గదిలో ఉంచితే అయిదు నిమిషాల్లో మెరుపుతో గట్టిపడాలి.

15 మిల్లీలీటర్ల గుంటలున్న సిలికాన్ ఐస్ ట్రే అయితే పదకొండు దాకా వస్తాయి. పోయగానే చెంచా గుచ్చితే ఒరిగిపోతుంది, అంచులు కాస్త బిగిశాక గుచ్చండి. గట్టిపడ్డాక ఫ్రిజ్‌లో పదిహేను నిమిషాలు చాలు. మూత లేకుండా రాత్రంతా వదిలేస్తే తేమ పట్టి, చక్కెర పైకి తేలి తెల్లగా గరుకెక్కుతుంది. కొరియర్‌లో కరిగి మళ్లీ గట్టిపడ్డ పలక మీద కనిపించే బూడిదరంగు చారలు వేరు, అది పైకి తేలిన కొవ్వు. పాడైనట్టు కాదు, మళ్లీ టెంపర్ చేస్తే పోతుంది.

ఒక స్టిరర్‌కు 150 మిల్లీలీటర్ల పొగలు కక్కే పాలకాఫీ కావాలి. చిన్న గ్లాసు ఫిల్టర్ కాఫీ చాక్లెట్ కరిగేలోపే చల్లారిపోతుంది. చక్కెర ముందే వేయకండి.

చెంచాల విషయంలో మొహమాటం వద్దు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, స్టిరర్లు మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధం. అయినా కిట్లలో వస్తూనే ఉన్నాయి. వేడి కాఫీలో ఇలాంటివి పెట్టకండి. చెక్కవి వస్తే ఒకటి మరిగిన నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచండి. నీళ్లకు రంగో వార్నిష్ వాసనో వస్తే మొత్తం కట్ట వాడొద్దు.

తినే వస్తువులు వాపసు తీసుకోబోమని చాలా దుకాణాలు ముందే రాసుకుంటాయి. అందుకే పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, లేబుల్, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు కనిపించేలా. ఆ నంబరు లేకపోయినా, పేరొకటీ సరుకొకటీ అయినా, ఆ వీడియో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.