బౌండరీ వాటర్స్ కెనూ యాత్ర: గైడుకు నూటికి నూరు, ఆఫీసుకు అత్తెసరు

గత జులైలో మా పదిహేనేళ్ల అబ్బాయిని అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తర కొసన ఉన్న బౌండరీ వాటర్స్ అరణ్యంలోకి, గైడ్ల వెంట ఎనిమిది రోజుల కెనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) యాత్రకు పంపించాము. మినియాపొలిస్ చుట్టుపక్కల ఉండే మా తెలుగు స్నేహితుల్లో ఈ యాత్రల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, మాకు నచ్చినదీ నచ్చనిదీ దాచకుండా రాస్తున్నాను. నిర్వాహక సంస్థ పేరు మాత్రం చెప్పను. ఒక్క వేసవి అనుభవంతో ఎవరినీ బజారుకెక్కించడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ అరణ్యానికి దగ్గరలోని ఈలీ పట్టణం చుట్టూ ఇలాంటి యాత్రలు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చెప్పబోయేది వాళ్లలో ఎవరి దగ్గరికి వెళ్లినా అడిగి తెలుసుకోవలసిన సంగతే.

సుపీరియర్ జాతీయ అటవీ ప్రాంతంలో భాగమైన ఈ అరణ్యం పది లక్షల ఎకరాలకు పైబడినది. కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న ఇందులో వెయ్యికి పైగా సరస్సులు ఉన్నాయి. 1964 నాటి అరణ్య చట్టం, దాని తరువాత ఈ ప్రాంతం కోసమే 1978లో చేసిన చట్టం కారణంగా వాటిలో చాలావాటి మీద మోటారు పడవలు తిరగడానికి వీలులేదు. ఒక బృందంలో తొమ్మిది మందికి, నాలుగు పడవలకు మించకూడదు. రేకు డబ్బాలూ గాజు సీసాలూ లోపలికి తీసుకువెళ్లకూడదు. ఈ చివరి నిబంధన చదివిన మా ఆవిడ, అబ్బాయికి కట్టి ఇవ్వాలనుకున్న ఆవకాయను సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, నూనె కారకుండా మూత చుట్టూ రెండు వరుసలు టేపు చుట్టింది.

మా అమ్మకు ఫోనులో చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన వార్త విన్న తరువాత మా ఇంట్లో పడవ అనే మాటకే ఎవరూ తేలికగా ఒప్పుకోరు. "ఈత వస్తే సరిపోతుందట్రా, వాడి పక్కన ఉండేదెవరు?" అని మాత్రం అడిగింది. మేము చేరుకోవడానికి రెండు వారాలు పట్టిన అసలు ప్రశ్నను ఆవిడ ఒక్క నిమిషంలో పట్టుకున్నది.

వాడి పక్కన ఉన్నది ఇద్దరు గైడ్లు, ఆరుగురు పిల్లలకు. పెద్ద గైడు కళాశాలలో చదువుతున్న అమ్మాయి. తాను పదమూడో ఏట ఇదే సరస్సుల మీద తెడ్డు పట్టడం నేర్చుకున్నానని చెప్పింది. నిర్జన ప్రాంతాల్లో ప్రథమ చికిత్స చేయడంలో శిక్షణ పొందిన ధ్రువపత్రం, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం ఆమె దగ్గర ఉన్నాయి. బయలుదేరిన రోజున మూస్ లేక్ ఒడ్డున పిల్లలందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించి, ఒక్కొక్క పడవనూ కావాలనే బోల్తా కొట్టించి, చల్లటి నీళ్లలో నుంచి మళ్లీ ఎక్కడం మూడేసి సార్లు చేయించింది. ఒడ్డున నిలబడి చూస్తున్న నాకు సగం భయం అక్కడే పోయింది.

మిగిలిన సగం ఎలా పోయిందో అబ్బాయి తిరిగి వచ్చాక చెప్పిన సంగతి వల్ల తెలిసింది. ఒక సరస్సు నుంచి ఇంకొక సరస్సుకు వెళ్లాలంటే మధ్యలో అడవి దారిన పడవను, సామాను మూటలను భుజాల మీద మోసుకుపోవాలి. ఆ దారిని పోర్టేజ్ అంటారు. దాని పొడవును ఇప్పటికీ రాడ్లలోనే లెక్కిస్తారు, ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు. మూడో రోజున 180 రాడ్ల పోర్టేజ్ వచ్చింది, అంటే దాదాపు తొమ్మిది వందల మీటర్లు. అల్యూమినియం కెనూ బరువు ముప్పై కిలోలకు పైనే. దాన్ని తలకిందులు చేసి, మధ్యనున్న అడ్డకర్రకు బిగించిన మెత్తలు భుజాల మీద ఆనేలా తలకెత్తుకుంటే, కనిపించేది కాళ్ల ముందున్న నాలుగడుగుల నేల మాత్రమే. మా వాడు తానే మోస్తానంటే పెద్ద గైడు వద్దనలేదు. రాళ్ల మీద, వేళ్ల మీద, బురదలో వాడి వెనకనే రెండడుగుల దూరంలో నడిచింది. సగం దారిలో వాడు ఆగిపోయి, మోకాళ్లు వణుకుతుంటే, చేయి వేయకుండా "దించుతావా, ఇంకో ఇరవై అడుగులు వేస్తావా?" అని మాత్రమే అడిగిందట. వాడు ఒకసారి దించాడు, మళ్లీ ఎత్తుకున్నాడు, రెండోసారి దించలేదు. దోమలు ముఖమంతా కుడుతున్నా రెండు చేతులూ పడవ అంచులనే పట్టుకొని ఉండవలసి వచ్చిందన్నది వాడు ఇప్పటికీ అందరికీ మొదట చెప్పే సంగతి.

ఎనిమిది రోజులకు మేము కట్టిన పద్నాలుగు వందల డాలర్లలో తొంభై పాళ్లు ఆ రెండడుగుల దూరానికే చెల్లుతాయని నా అభిప్రాయం. బరువు తానే అందుకుంటే పిల్లవాడికి ఏమీ మిగలదు, అసలు పట్టించుకోకపోతే కాలు విరుగుతుంది. ఎప్పుడు చేయి వేయాలో, ఎప్పుడు వేయకూడదో తెలిసిన గైడు దొరకడం పడవల నాణ్యత కన్నా, గుడారాల ఖరీదు కన్నా ముఖ్యం.

ఏడో రోజున నైఫ్ లేక్ మీద ఆమె మరో నిర్ణయం తీసుకున్నది. సరిహద్దు వెంట పొడవుగా సాగే ఆ సరస్సు మీద పడమటి గాలి లేచి, అలల నురుగు తెల్లబడింది. ఆ సాయంత్రం దాటితేనే మరునాడు మధ్యాహ్నానికి ఒడ్డు చేరగలరు. ఆమె దాటించలేదు. పడవలను ఒడ్డు మీదికి లాగి, బోర్లించి, చెట్లకు కట్టించి, ఉరుములు వినిపించేసరికి పిల్లలను పొడవాటి చెట్లకు దూరంగా కూర్చోబెట్టింది. ఆ రాత్రి వాళ్లకు కాలక్షేపం డొరతీ మోల్టర్ కథ. 1986లో చనిపోయేదాకా అదే సరస్సులోని ద్వీపాల్లో ఉంటూ, దారిన పోయే కెనూవాళ్లకు తాను తయారు చేసిన రూట్ బీర్ (మద్యం లేని తీపి పానీయం) అమ్మిన స్త్రీ. ఆలస్యమవుతుందన్న సందేశాన్ని గైడు ఆ సాయంత్రమే ఆఫీసుకు పంపింది.

ఆఫీసు ఆ సందేశాన్ని మాకు చేరవేయలేదు. మేము నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి, మూస్ లేక్ దగ్గర పార్కింగులో మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరున్నర దాకా కూర్చున్నాము. ఫోను పనిచేసే చోటికి వెనక్కి వచ్చి అడిగితే, "అవును, నిన్ననే తెలిసింది" అన్న జవాబు వచ్చింది. ఆ ఆరున్నర గంటల్లో మా ఆవిడ ముఖం ఎలా ఉన్నదో నేను వర్ణించను. పడవలు మలుపు తిరిగి వరుసగా కనిపించినప్పుడు ఆమె లెక్కపెట్టింది పడవలను కాదు, తలలను.

భోజనం విషయంలోనూ తప్పు ఆఫీసుదే. మా వాడు శాకాహారి అని దరఖాస్తులో రాశాము, "నమోదు చేసుకున్నాము" అని ఉత్తరం కూడా వచ్చింది. తీరా చూస్తే మధ్యాహ్నపు భోజనం సంచుల్లో ఎండు గొడ్డుమాంసం ముక్కలు, నిప్పుల మీద కాల్చుకోవడానికి మార్ష్‌మాలోలు అనే మెత్తటి మిఠాయిలు వచ్చాయి. మార్ష్‌మాలోల్లో ఉండే జెలటిన్ జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేదని వాడికి తెలుసు, ఆఫీసువాళ్లకు తట్టలేదు. రెండో రోజు వంట సంచులన్నీ విప్పి, బఠాణీలు, వేరుశనగ వెన్న, రొట్టెలు వాడి వాటాగా విడదీసింది మళ్లీ ఆ గైడే. ఆవకాయ డబ్బా మాత్రం మూడో రాత్రికే ఖాళీ అయింది. ఎలుగుబంటి తెరవలేని ఆహారపు పెట్టెలోకి దాన్ని ఎక్కించే ముందు బృందమంతా రుచి చూశారట.

సామాను జాబితా గురించి ఒక్క మాట. ఖరీదైన వాన కోటు కొనమని మొదటి పేజీలోనే రాసినవాళ్లు, నూలు బట్టలు తడిస్తే ఆరవు, చలి పుట్టిస్తాయి, తేకండి అన్న మాటను చివరి పేజీ అడుగున పెట్టారు. మా వాడు జీన్స్ తీసుకుపోయాడు. పగలంతా కాళ్లు తడిసే ఉంటాయి కాబట్టి నీళ్లు బయటికి పోయే బూట్లు ఒక జత, రాత్రికి పొడివి ఒక జత ఉండాలన్నది కూడా మాకు తరువాతే తెలిసింది. మరుగుదొడ్డికి గోడలూ తలుపూ ఉండవు, గుడారాలకు వెనకగా అడవిలో ఒక పీఠం మాత్రం ఉంటుంది. ఇది పిల్లలకు ముందే చెప్పి పంపితే మంచిది.

పంపాలనుకునేవారు రంగుల కరపత్రాన్ని పక్కనబెట్టి, మీ పిల్లల బృందానికి వచ్చే గైడు ఎవరో, ఎన్ని వేసవులుగా ఈ పని చేస్తున్నారో అడగండి. ఆలస్యమైతే మీకు ఫోను చేయవలసిన మనిషి ఎవరో పేరుతో సహా రాయించుకోండి. ఈ రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఇంకొకచోట చూసుకోవడమే మేలు. జూన్ కన్నా జులై చివరి వారం, ఆగస్టు నయం, దోమల బాధ కొంత తగ్గుతుంది.

ఆఫీసుకు రెండు పేజీల ఫిర్యాదు పంపాను. క్షమాపణ చెబుతూ, ఆలస్యాల సమాచారానికి ఒక మనిషిని పెడతామని జవాబు రాశారు. వచ్చే వేసవిలో పద్నాలుగు రోజుల యాత్రకు వాడు పట్టుబట్టి పేరు ఇప్పించుకున్నాడు, అదే గైడు వస్తుందన్న షరతు మీద మేము ఒప్పుకున్నాము. ఈసారి దరఖాస్తులో ఆహారం గడిలో "జెలటిన్ కూడా వద్దు" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆవకాయ డబ్బా కూడా ఈసారి పెద్దదే.