విజయనగరం, శ్రీకాకుళం: పాత నోట్లు ఎక్కడ చెల్లాయి, ఎక్కడ బాగుంది

నా సేకరణలో ఒకే రకం నోట్లు, బిళ్లలు మరీ ఎక్కువైపోయాయి. మంచివి ఒక్కోటి ఆల్బమ్‌లో ఉంచి, నలిగినవన్నీ ఈ ట్రిప్పులో ఖర్చు పెట్టేద్దామని సంచిలో వేసుకున్నాను. రెండు, ఐదు రూపాయల నోట్లు, పాత ఇరవై నోట్లు, పది, ఇరవై రూపాయల బిళ్లలు, కొన్ని అర్ధరూపాయలు. అన్నీ ఇప్పటికీ చట్టప్రకారం చెల్లేవే. పావలాలు 2011 జూన్ 30తో పోయాయి కాబట్టి అవి ఇంట్లోనే ఉన్నాయి.

విజయనగరంలో స్టేషన్ దగ్గరి లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, పొద్దున్నే వేడినీళ్లు వచ్చాయి. బిల్లులో కొంత పది రూపాయల బిళ్లలిస్తే మాత్రం రిసెప్షన్ కుర్రాడు "ఇవి ఇక్కడ చెల్లవు సార్, ఫోన్‌పే చేసేయండి" అన్నాడు. అప్పటికి వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. పది గీతలది అసలు, పదిహేను గీతలది నకిలీ అనే పుకారు అయినా చావలేదు. గదికి మార్కులు వేస్తాను, కౌంటర్‌కు వేయను.

కోట చూసి గంటస్తంభం వైపు నడిచాం. కోటలో ఉన్నంతసేపు ఎండ తప్ప గుర్తున్నదేమీ లేదు గానీ, బజారు బాగుంది. జామకాయలమ్మే పెద్దమ్మకు రెండు రూపాయల నోట్లిస్తే, ఒకటి తీసి మడత విప్పి, "ఓలమ్మా, పులి నోటే! ఇది దాసుకుంతాను బాబూ" అని బొడ్డున దోపుకుంది. మిగతావి గల్లాలోకి వెళ్లాయి. కొసరు కాయ కూడా వేసింది.

బిళ్లలు వదిలించుకోవడానికి మాత్రం ఆర్టీసీని మించింది లేదు. శ్రీకాకుళం బస్సులో కండక్టర్ లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాడు. వాటిలోనే ఒకటి వెనక సీటాయనకు చిల్లరగా ఇవ్వబోతే ఆయన వద్దన్నాడు!

అసలు సరదా అరసవల్లి సూర్యుడి గుడిలో. పాత ఇరవై రూపాయల నోటు వెనక కోణార్క్ రథచక్రం ఉంటుంది. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడు తూర్పు గాంగుల రాజు. అరసవల్లి గుడినీ ఏడో శతాబ్దంలో ఆ గాంగ వంశపు దేవేంద్రవర్మే కట్టించాడని చెబుతారు. ఈ సంగతి తలుచుకునే ఆ నోట్లు ఇక్కడికని దాచాను. ప్రసాదం కౌంటర్‌లో కుర్రాడు నోటును వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పక్కనున్న పెద్దాయనకు చూపించాడు. ఆయన చక్రం మీద వేలు పెట్టి, "తీసుకోరా, మన సామి బండి చక్రమే ఇది" అన్నాడు. ఆదివారం కాకుండా వెళ్లండి, ఆదివారాల్లో క్యూ చాలా పొడుగ్గా ఉంటుంది. మార్చి, అక్టోబరుల్లో కిరణాలు మూలవిరాట్టు పాదాలు తాకే రోజుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఖద్దరు నేసే పొందూరుకు ఒక పూట చాలు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతుంటే గింజకున్న పీచు మెత్తగా సాగి వస్తుంది, దగ్గర కూర్చుని చూడండి. పంచె ధర ఎక్కువే, కానీ దానికి తగ్గ నూలు. రూపాయి, ఆపై బిళ్లలైతే వెయ్యి రూపాయల వరకూ చట్టప్రకారం ఇవ్వొచ్చు. నేను పన్నెండు అంచుల ఇరవై రూపాయల బిళ్లలు కొన్ని మాత్రమే ఇచ్చి మిగతాది నోట్లలో కట్టాను. పాపం, వాళ్లు లెక్కపెట్టుకోవాలి కదా.

బస శ్రీకాకుళంలోనే పెట్టుకోవడం మేలు. అరసవల్లి పక్కనే, శ్రీకూర్మానికి బస్సులున్నాయి. రైల్లో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కణ్నుంచి ఊళ్లోకి వేరే ఆటో ఖర్చు.

అర్ధరూపాయలు మాత్రం ఎక్కడా చెల్లలేదు. టీకి ఇరవై అర్ధరూపాయలు ఇవ్వబోతే కొట్టాయన "ఇయ్యన్నీ లెక్కెట్టడానికి నాకెక్కడ తీరిక బాబూ" అని వెనక్కి నెట్టాడు. ఒక బ్యాంకులో అడిగితే వందేసి చొప్పున కవర్లలో కట్టి తెమ్మన్నారు. నా దగ్గర వంద లేవు.